రెండు వేళ్ళ చెక్క

రేవు ఇల్లు,
మంగళవారం.

ఒరేయ్ తమ్ముడూ,

బతికే ఉన్నావా? మీ బావ పోయి పదకొండు నెలలైంది. అప్పుడు వచ్చావు, రెండు రోజులు గోడకి ఆనుకుని కూర్చున్నావు, మూడో రోజు పొద్దున్నే బస్సెక్కేశావు. ఒడ్డు మీద పడి ఉన్న పడవ వైపు తల కూడా తిప్పలేదు. అప్పుడు నేనేమీ అనలేదు. అనడానికి నా ఒంట్లో ఓపిక లేదు.

ఫోన్ చేస్తే "ఊ", "సరే", "చూద్దాంలే" తప్ప నీ నోట్లోంచి ఇంకో మాట ఊడిపడదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద "ఊ" అని రాసి పంపలేవు కదా. పైగా నువ్వు చెప్పే కొలతలు మా మరిదికి చూపించాలి. వాడికి నా నోటి మాట మీద నమ్మకం లేదు.

సంగతేమిటంటే, పడవ బాగు చేయించాను. పగిలిన పక్క రెండు పలకలు మార్చారు, వెనక పలక మొత్తం కొత్తది. పాత మోటారు ఉప్పు తినేసింది, దాన్ని పాత ఇనుము కింద ఇచ్చేశాను. పదిహేను గుర్రాల శక్తిది, వాడిన మోటారు ఒకటి తెచ్చాం. అమ్మినాయన దానితో రెండు ప్రొపెల్లర్లు ఇచ్చాడు. ఒకదాని మీద పదకొండు అని ఉంది, ఇంకోదాని మీద తొమ్మిది. ఏది బిగించాలి? మోటారు ఎంత ఎత్తులో పెట్టాలి? రేవులో పది మందిని అడిగితే పదకొండు రకాలు చెప్పారు.

మరిది ముందు కూర్చుని వల చూసుకుంటాడు. వెనక మోటారు పట్టేది నేనే. నవ్వకు. ఏడాదిగా ఐసు షెడ్డులో ఇంకొకళ్ళ చేపల మీద ఐసు కొట్టి కొట్టి నా వేళ్ళు నావి కాకుండా పోయాయి. ఇక నావల్ల కాదు.

ఇంకో మాట. వడ్రంగి మేస్త్రీ పాత పలక ఊడదీస్తుంటే నీ చెక్క బయటపడింది. మోటారు కింద ఎత్తు కోసం పెట్టావే, రెండు వేళ్ళ మందం, అది. అంత దెబ్బకి కూడా పగల్లేదు. కడిగి, ఆరబెట్టి, కిటికీలో పెట్టుకున్నాను. కొత్త మోటారు కింద కూడా అదే పెట్టిస్తాను. నువ్వూ ఆయనా కలిసి చేసిన ఆఖరి పని అది.

వచ్చే నెల మొదటి వారంలో గాలి తగ్గుతుంది. అప్పుడు దించుతాం. ఈలోగా రాయి. దగ్గు తగ్గిందా?

అక్క

*

పంపుల షాపు, మేడ మీద గది,
ఆదివారం.

అక్కా,

ఉత్తరం అందింది. దగ్గు తగ్గింది. గది బాగానే ఉంది, కిటికీ తీస్తే పక్కింటి గోడ. కింద షాపులో సిమెంటు తొట్టి ఒకటి ఉంది, బాగు చేసిన పంపులు అందులో వేసి చూస్తాం. నాకు నీళ్ళంటే ఇప్పుడు ఆ తొట్టే.

ప్రొపెల్లర్ గురించి. దాని మీద ఉన్న అంకె అంగుళాల లెక్క. ఒక్క చుట్టు తిరిగితే పడవ ఎన్ని అంగుళాలు ముందుకు జరగాలో అది. పదకొండు అంటే పెద్ద అంగ. ఖాళీ పడవకి బాగుంటుంది. వలా, ఐసు పెట్టె, మనుషులూ ఎక్కాక మోటారు అంత అంగ వెయ్యలేక రొప్పుతుంది. తొమ్మిది చిన్న అంగ, బరువు లాగుతుంది. నీకు తొమ్మిదే. పదకొండుది ఎవరికైనా ఇచ్చెయ్యి, లేకపోతే మరిది చేతులు ఊరుకోవు.

ఒక చిన్న మీటరు పార్సిల్లో పంపుతున్నాను. దాని తీగని ప్లగ్గు తీగకి చుడితే మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపిస్తుంది. పడవ నిండా సామానుతో, పూర్తిగా రేజ్ ఇచ్చి చూడు. ఐదు వేలకీ ఐదున్నర వేలకీ మధ్య ఉండాలి. ఐదు వేల కంటే బాగా తక్కువైతే ప్రొపెల్లర్ ఇంకా పెద్దదని అర్థం. ఆరు వేలు దాటితే చిన్నదైపోయిందని.

ఎత్తు గురించి చెప్పాలంటే నాకు కొలతలు కావాలి. వెనక పలక పై అంచు నుంచి పడవ అడుగు దాకా ఎంత? మోటారు తగిలించే కొక్కెం నుంచి, ప్రొపెల్లర్ పైన గొడుగులా ఒక రేకు ఉంటుంది చూడు, ఆ రేకు దాకా ఎంత? ఈ రెండూ రాయి.

ఆ చెక్క వద్దు.

మోటారు మరిదికి ఇచ్చి నువ్వు ఒడ్డున ఉండకూడదా?

తమ్ముడు

*

రేవు ఇల్లు,
శుక్రవారం.

తమ్ముడూ,

కొలిచాం. పలక పై అంచు నుంచి అడుగు దాకా పదహారు అంగుళాలు. కొక్కెం నుంచి రేకు దాకా కూడా ఇంచుమించు అంతే, ఒక అర అంగుళం ఎక్కువ. టేపు పట్టుకున్నది మరిది, చదివింది నేను. వాడు పట్టుకుంటే టేపు నిటారు గోడని కూడా వంకరగా చూపిస్తుంది కాబట్టి రెండు సార్లు కొలిపించాను.

మీటరు వచ్చింది. దాన్ని చూసి రేవంతా నవ్వింది. డాక్టరమ్మ వచ్చిందర్రా, మోటారు నాడి చూస్తుంది అని. నవ్వనీ.

తొమ్మిది బిగిస్తాను. నువ్వు చెప్పావు, కారణం చెప్పావు, నాకు తలకెక్కింది. మరి చెక్క వద్దని ఒక్క ముక్క రాసి వదిలేశావేం? దానికి కారణం లేదా? ప్రొపెల్లర్ గురించి అంత పురాణం చెప్పినవాడివి దీని దగ్గరికొచ్చేసరికి మూగవాడివైపోయావు.

ఆ చెక్క పెట్టిన మొదటి రోజు నీకు గుర్తుందో లేదో. రేవులో అందరికంటే ముందు వచ్చింది మన పడవ. ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చొక్కా తీసి గిరగిరా తిప్పాడు. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఆ మనిషి అలా ఎగరడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా అదే మాట. "నీ తమ్ముడి బుర్రే బుర్ర" అన్నాడు. నీ ముందు అనలేదు, నెత్తికెక్కుతావని. నా దగ్గర అన్నాడు. ఆరు నెలలు ఆ చెక్కతోనే తిరిగాడు, ఏమీ కాలేదు.

అందుకని అది ఉంటుంది. వడ్రంగి మేస్త్రీకి చెప్పేశాను. ఎల్లుండి మరలు బిగిస్తాడు.

నేను ఒడ్డున ఉండాలా? పదకొండు నెలలుగా ఉంటున్నది అక్కడే కదరా.

అక్క

*

పంపుల షాపు, మేడ మీద గది,
మంగళవారం.

అక్కా,

మేస్త్రీని ఆపు. మరలు బిగించేసి ఉంటే తియ్యించు.

కారణాలు అడిగావు. ఒకటి, అది సముద్రంలో నానిన చెక్క. బయటికి గట్టిగా కనిపించినా లోపల మెత్తబడి ఉంటుంది, మరలు పట్టవు. రెండు, నీ కొలతల ప్రకారం చెక్క లేకుండానే ఆ రేకు పడవ అడుగు కంటే అర అంగుళం కిందికి ఉంటుంది. నీకు కావలసింది సరిగ్గా అదే. ఒక పొడుగాటి బద్దని పడవ అడుగుకి ఆనించి వెనక్కి సాగదీసి పట్టుకో, రేకు దానికి కాస్త కింద కనిపిస్తే చాలు. చెక్క పెడితే అంగుళం పైకి పోతుంది. మూడు, మోటారు పైకి లేపితే నీటిలో ఈడ్పు తగ్గి వేగం వస్తుంది, నిజమే. కానీ వెనక బరువు తక్కువైనా, వెనక నుంచి అల వచ్చి పడవ తోక లేపినా, ప్రొపెల్లర్ నీళ్ళకి బదులు గాలి తాగుతుంది. గాలిలో తిరిగితే దానికి అడ్డేముంది? మోటారు ఒక్కసారిగా గొంతు చించుకుని అరుస్తుంది. చుట్లు పెరుగుతాయి, పడవ మాత్రం కదలదు. మోటారు ఎటు తిప్పినా తిరగదు, అలకి అడ్డం పడుతుంది. అప్పుడు రేజ్ పెంచకూడదు, తగ్గించాలి. తగ్గిస్తే ప్రొపెల్లర్ మళ్ళీ నీళ్ళు పట్టుకుంటుంది. మరిదికి కూడా ఇది చదివి వినిపించు.

నువ్వు ఎండు కట్టెలా ఉంటావు. నలభై ఎనిమిది కిలోలు ఉంటావేమో. బావ వెనక కూర్చుంటే ఉండే బరువు నీతో రాదు.

వేగం ఎందుకు నీకు? నెమ్మదిగా పో, నెమ్మదిగా రా.

తమ్ముడు

*

రేవు ఇల్లు,
శనివారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం మరిదికి చదివి వినిపించమన్నావు. సగం దాకా వినిపించాను. ఆ తర్వాత మడిచి పక్కన పెట్టేశాను.

గొంతు చించుకుని అరుస్తుంది అని రాశావు.

ఆ రోజు నేను షెడ్డు బయట నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మన పడవ కనిపించింది, వెనక అలలు పెద్దవిగానే ఉన్నాయి. అప్పుడు మోటారు అరిచింది. షెడ్డులో ఐసు మిషను చప్పుడులో కూడా వినిపించింది. పక్కనున్నావిడ "మీ ఆయనకి ఇంటి మీద ధ్యాస పుట్టినట్టుంది, ఎలా తోలుతున్నాడో చూడు" అంది. నేను నవ్వానురా. చేతులు కడుక్కుని అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టడానికి ఇంట్లోకి వెళ్ళాను. వేగంగా వస్తున్నాడనుకుని వెళ్ళాను.

మళ్ళీ బయటికి వచ్చేసరికి పడవ బోర్లా పడి ఉంది.

అందరూ అల పెద్దదన్నారు. నేనూ అదే అనుకున్నాను. అలని ఏమని తిడతాం?

ఆయన ఆరు నెలలు ఆ చెక్కతో తిరిగితే ఏమీ కాలేదు. ఆ ఒక్కరోజు ఎందుకు అరిచింది? నీకు తెలుసు. నీకు తెలియకుండా మొదటి ఉత్తరంలోనే "ఆ చెక్క వద్దు" అని రాయవు. నాకు నానిన చెక్క కథలు చెప్పకు. మేస్త్రీ దాన్ని ఉలితో చెక్కి చూశాడు, లోపల ఎముకలా ఉంది.

కారణం రాసేదాకా చెక్క పడవలోనే ఉంటుంది. పడవ మాత్రం అనుకున్న రోజునే దిగుతుంది. నా మొండితనం నీకు తెలిసిందే.

అక్క

*

రేవు,
బుధవారం.

రిజిస్టరు చేసిన ఉత్తరం ముట్టిందని పోస్టుమాన్ చెప్పాడు. సంతకం పెట్టింది నువ్వేనట. పడవ దించడానికి ఇంకా ఎనిమిది రోజులుంది.

అక్క

*

పంపుల షాపు,
గురువారం.

అక్కా,

మొదలుపెట్టి ఐదు కాగితాలు చించేశాను. ఇది ఆరోది, ఎలా వస్తే అలా పంపేస్తాను.

ఆ చెక్క పెట్టినప్పుడు నేను తప్పు కొలవలేదు. చాలా బాగా కొలిచాను. పడవని నీళ్ళలోకి దించి, వలనీ ఐసు పెట్టెనీ వాటి చోట్లలో పెట్టి, బావ మోటారు దగ్గర, నేను ఆయన పక్కన పెట్రోలు డబ్బా పలక మీద కూర్చుని కొలిచాను. అప్పుడు నేను ఎనభై కిలోలు. మా ఇద్దరి బరువుకి పడవ వెనక ఎంత దిగిందో చూసి, ఆ లోతుకి తగ్గట్టు మోటారుని రెండు వేళ్ళు లేపాను. ఆ కొలతలో నేను ఉన్నాను. నేను ఆ పలక మీద కూర్చుని ఉన్నంత సేపూ దానికి ఏ ప్రమాదమూ లేదు.

తర్వాత బావకీ నాకూ రోజూ గొడవే, నువ్వు చూశావు. పడవ పరిగెడుతున్నది నా కొలత వల్లేనని నేను, తన చేతి వాటం వల్లనని ఆయన. సిగ్గులేని గొడవ. చివరి రోజు రేవులో అందరి ముందూ "నువ్వు లేకపోయినా నా పడవ ఇలాగే పరిగెడుతుందిరా" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక నువ్వు విసిగిపోయి, పది రోజులు ఎక్కడికైనా పొమ్మన్నావు. తెల్లవారి నేను బస్‌స్టాపుకి వెళ్ళాను.

అక్కడ నిలబడ్డప్పుడే నాకు గుర్తొచ్చింది అక్కా. నేను దిగిపోతే పడవ తోక తేలిపోతుంది, చెక్క తియ్యాలి. బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. రేవు కనిపిస్తూనే ఉంది. పడవ దగ్గరికి నడిచి నాలుగు మరలు విప్పితే సరిపోయేది. అదీ వద్దు, "బావా, చెక్క తీసెయ్యి" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది.

వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో రాయడానికే ఐదు కాగితాలు పట్టాయి. కానీలే, మోటారు గాలి తాగి నాలుగు సార్లు అరుస్తుంది, పడవ మొరాయిస్తుంది, పరువు పోతుంది, అప్పుడు తెలిసొస్తుంది ఎవరి వల్ల పరిగెడుతోందో అనుకున్నాను. మనిషిని పంపిస్తాడు, లేదా ఫోన్ చేస్తాడు, బతిమాలించుకుని వెళ్తాను అనుకున్నాను. మొగ దగ్గర అలలు నా బుర్రలోకే రాలేదు. బావ వల లాగిన చేపంతా ముందు వేస్తాడని, ఒక్కడే వస్తే వెనక ఇంకా తేలికవుతుందని, అరుపు విని రేజ్ ఇంకా పెంచుతాడని, ఇవన్నీ తెలిసినవాణ్ణే. మోటార్లు తెలిసినవాణ్ణి, ఒక్కటీ ఆలోచించలేదు.

మూడు రోజులు ఫోన్ కోసం చూశాను. నాలుగో రోజు మోగింది. గ్రీజు చెయ్యి తుడుచుకుని, నవ్వుతూ ఎత్తాను. నువ్వు.

అందుకే నీతో ఫోన్‌లో మాట్లాడలేను. అందుకే పడవ వైపు చూడలేదు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. చెక్క తీసెయ్యి. మరిది ముందు, నువ్వు వెనక, సామాను వాటి చోట్లలో పెట్టుకుని, నీళ్ళలో, నిండా బరువుతో కొలువు. ఒడ్డు మీద ఖాళీ పడవ కొలిచిన కొలత నమ్మకు. తొమ్మిది ప్రొపెల్లర్ బిగించు. అరిస్తే రేజ్ తగ్గించు. ఇది మాత్రం మర్చిపోకు, అరిస్తే తగ్గించు.

తమ్ముడు

*

రేవు ఇల్లు,
ఆదివారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేడు రోజులైంది. చదివిన రోజు నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. చెక్క నేనే ఊడదీశాను. మేస్త్రీ చేస్తానన్నాడు, ఇవ్వలేదు. పొయ్యిలో పెట్టాను. ఉప్పునీళ్ళు తాగి ఉందేమో, ఇంటి నిండా పొగ తప్ప మంట రాలేదు. లాగి బయట పారేశాను. ఇప్పుడు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. రోజూ కాలికి తగులుతూనే ఉంది.

నిన్ను తిడుతూ నాలుగు పేజీలు రాశాను. పంపడం లేదు. సంచి సర్దింది నేనే కదా. నీ చొక్కాలు మడత పెట్టి, "ఈ మగాళ్ళ గోల పది రోజులు వదిలింది" అనుకుంటూ సర్దాను. ఆ పడవలోంచి నిన్ను దింపింది నా నోరు. ఇది నేను ఏ అల మీదా నెట్టలేను, నీ మీదా నెట్టలేను.

ఇంకో సంగతి ఉంది. నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. నువ్వు నీది చెప్పావు కాబట్టి నాది చెబుతున్నాను. నువ్వు వెళ్ళిన మర్నాడు, ఒక్కడివే ఎందుకు, మరిదిని తీసుకెళ్ళు అన్నాను. మరిది కూడా వస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు. "వాడొచ్చేస్తాడులే రెండు రోజుల్లో. వాడి చోట ఇంకొకణ్ణి కూర్చోబెడితే మళ్ళీ అలుగుతాడు" అన్నాడు. ఆ పలక మీద పెట్రోలు డబ్బా కూడా పెట్టనివ్వలేదు. ఆ నాలుగు రోజులూ నీ చోటు ఖాళీగా ఉంచుకునే పోయాడు.

అది చదివి నువ్వు ఏమైపోతావో తెలుసు. నేనూ అలాగే ఉన్నాను.

అనుకున్న రోజుకి పడవ దించలేకపోయాను, మొన్న సోమవారం దించాం. నువ్వు చెప్పినట్టే నీళ్ళలో, నిండా బరువుతో కొలిచాం. రేకు అడుగు కంటే అర అంగుళం కింద ఉంది. మీటరు ఐదు వేల రెండు వందలు చూపించింది. ఎవరూ నవ్వలేదు. మొగ దగ్గర వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు వెనక నుంచి అల లేపింది. ఒక్క క్షణం చిన్నగా అరిచింది. నా చెయ్యి నేను చెప్పకుండానే రేజ్ పెంచబోయింది. ఎవరికైనా అలాగే అనిపిస్తుందిరా, పారిపోవాలని. తగ్గించాను. రెండు లెక్కపెట్టేలోపు పట్టుకుంది. మరిది వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ లేదు, ముందు చూడు అన్నాను. ఒడ్డుకొచ్చాక మరిది వల దించుతుంటే నేను ఇసకలో కూర్చున్నాను. ఆయనకి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

అందరికంటే చివర వచ్చాం. పడవ ఇప్పుడు పరిగెట్టదు.

నువ్వు ఇప్పుడే రాకు. నీ మొహం చూసే ధైర్యం నాకు ఇంకా లేదు. ఉత్తరాలు మాత్రం ఆపకు, మోటారు గురించి అడగాల్సినవి చాలా ఉన్నాయి.

ఈ ఎత్తు మా ఇద్దరి బరువుకి కొలిచింది, నీది కలపలేదు. ఎప్పటికైనా వచ్చేలా ఉంటే ముందు నీ బరువెంతో రాయి, కొలత మళ్ళీ తీయిస్తాను. చెప్పకుండా ఎక్కకు. ఎక్కితే చెప్పకుండా దిగకు.

అక్క